వెనిస్‌లో అమ్మానాన్నలతో ఎక్కడ దిగాలి? పాత ఇంటి హోటలా, మెస్త్రేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీరు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. రాజమండ్రి నుంచి వస్తున్న అమ్మానాన్నలను అక్టోబర్ రెండో వారం తర్వాత మూడు రాత్రులు వెనిస్ తీసుకెళ్లాలనుకుంటున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. పాత వెనిస్ ఉన్న ద్వీపం లోపల పాత భవనంలో ఉన్న బొటీక్ హోటల్ తీసుకోవాలా, లేక ద్వీపానికి బయట, ఒడ్డున ఉన్న మెస్త్రేలో స్టేషన్ పక్కన లిఫ్టూ పెద్ద గదులూ ఉన్న చెయిన్ హోటల్లో దిగి రోజూ రైల్లో వెళ్లి రావాలా, లోపల దిగితే పెట్టిన డబ్బుకు విలువ ఉంటుందా?

ద్వీపం లోపలే దిగండి. డబ్బుకు విలువ ఉంటుంది, అదీ పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు ఇంకా ఎక్కువ. కాకపోతే హోటల్‌ని ఫొటోలు చూసో స్టార్లు చూసో ఎంచుకోకండి. పడవ స్టాప్ నుంచి హోటల్ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు దాటాలి, గుమ్మం నుంచి గది దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి, ఈ రెండు సంగతులూ తేలాకే కెనాల్ వ్యూ, బ్రేక్‌ఫాస్ట్ లాంటివి చూడండి. మీ ఊళ్లో ఏ హోటల్‌కైనా కారు గుమ్మం దాకా వస్తుంది. ఇక్కడ కార్లు తిరగవు కాబట్టి అది కుదరదు, అందుకే మామూలుగా హోటల్ వెతికే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

నేను పాదొవాలో ఉంటాను, వెనిస్ ఇక్కణ్నుంచి రైల్లో అరగంట. ఇటలీ చూడడానికి వచ్చే తెలుగు కుటుంబాలకు బస ఏర్పాట్లు చూడడం నా పని, అందులో సగం మంది మీలాగే జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటూ తల్లిదండ్రులను తీసుకొచ్చేవాళ్లు. కాబట్టి కింద రాసేది చాలావరకు అరవై దాటినవాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

ముందు మెస్త్రే ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. దూరం సమస్య కాదు, మెస్త్రే నుంచి వెనిస్ శాంతా లూచియా స్టేషన్‌కి రైలు పది పన్నెండు నిమిషాలే, టికెట్ కూడా చవక. అసలు సమస్య మధ్యాహ్నం. మన పెద్దవాళ్లు తెల్లారకముందే లేస్తారు, ఎనిమిదింటికి బయటపడితే ఒంటిగంట అయ్యేసరికి కాళ్లు పీకుతాయి, ఓ గంట నడుం వాలిస్తే మళ్లీ సాయంత్రం ఉత్సాహంగా తిరుగుతారు. గది దగ్గర్లో ఉంటే అది జరుగుతుంది. మెస్త్రేలో ఉంటే పడవెక్కి స్టేషన్‌కి రావాలి, రైలెక్కాలి, దిగి నడవాలి, పడుకుని లేచి మళ్లీ అదంతా చేయాలి. కాకినాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇలాగే మెస్త్రేలో దిగింది. మొదటి రోజు రెండింటికి గదికి వెళ్లిన పెద్దావిడ ఆ సాయంత్రం ఇక రానంది. రెండో రోజూ అంతే. అంత దూరం వచ్చి ఆవిడ వెనిస్‌ని చూసింది పగటి ఎండలో, జనం కిక్కిరిసి ఉన్న వేళ మాత్రమే.

వెనిస్ బాగుండేది ఆ వేళ కాదు. బయటి ఊళ్ల నుంచి ఒక్క పూట కోసం వచ్చే జనం పదింటి నుంచి సాయంత్రం ఐదారింటి దాకా శాన్ మార్కో చౌక్‌కీ రియాల్తో వంతెనకీ మధ్య సందులన్నీ నింపేస్తారు. పొద్దున ఏడింటికి, రాత్రి తొమ్మిది దాటాక అవే సందుల్లో మీ అమ్మగారు గోడ పట్టుకుని నిదానంగా నడవొచ్చు, వెనక నుంచి తోసేవాళ్లు ఉండరు. లోపలి హోటల్‌కి మీరు అదనంగా కట్టే డబ్బంతా ఆ పొద్దుటి రెండు గంటలకూ, రాత్రి రెండు గంటలకూ, మధ్యాహ్నం కునుకుకూ కడుతున్నారనుకోండి. ఈ మూడూ వాడుకోని వాళ్లకైతే నేనే మెస్త్రే చెప్తాను.

ఇక వంతెనల సంగతి. ద్వీపంలో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నీ మెట్ల వంతెనలే. ఒక్కోదానికి ఎక్కేటప్పుడు పది ఇరవై మెట్లు, దిగేటప్పుడు మళ్లీ అన్ని. మ్యాప్‌లో "స్టేషన్ నుంచి 8 నిమిషాలు" అని ఉంటే అది ఖాళీ చేతులతో కుర్రాళ్లు నడిచే లెక్క. మూడు వంతెనలున్న దారిలో రెండు పెద్ద సూట్‌కేసులు, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషీ ఉంటే ఆ ఎనిమిది నిమిషాలు అరగంట దాటుతుంది, సూట్‌కేసులు మోసేది మీరొక్కరే కాబట్టి ఒక్కో వంతెనా రెండుసార్లు ఎక్కాలి. పైగా మ్యాప్ యాప్‌లు నడక దారి చూపించేటప్పుడు వంతెన ఉందని ప్రత్యేకంగా చెప్పవు. నడక దారి గీత కాలువను ఎన్నిచోట్ల దాటుతోందో మీరే పెద్దది చేసి చూసి లెక్కపెట్టుకోవాలి. వెనిస్ నగరపాలక సంస్థ వంతెన ఎక్కకుండా చేరుకోగల ప్రాంతాల మ్యాప్ ఒకటి ఇస్తుంది, హోటల్ వెతికే ముందు దాన్ని పక్కన పెట్టుకోండి.

పడవంటే వాపొరెత్తో, అంటే అక్కడి సిటీ బస్సు. 1వ నంబరు ఊరి మధ్యలోంచి వెళ్లే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా దాదాపు ప్రతి స్టాప్‌లో ఆగుతుంది, 2వ నంబరు కొన్నిచోట్లే ఆగి త్వరగా వెళ్తుంది. స్టాప్ నీళ్ల మీద తేలుతూ ఉంటుంది కాబట్టి పడవలోకి దాదాపు సమానంగా అడుగు వేయొచ్చు, మోకాళ్లకు ఇబ్బంది తక్కువ. అందుకే నా పద్ధతి ఏంటంటే, ముందు స్టాప్ ఎంచుకుంటాను, తర్వాత ఆ స్టాప్ నుంచి ఒక్క వంతెన కూడా దాటకుండా వెళ్లగలిగే హోటళ్లు వెతుకుతాను.

మీకైతే నా మొదటి ఓటు కా దోరో స్టాప్. అక్కడ దిగి చిన్న సందులోంచి వస్తే నేరుగా స్త్రాదా నోవా అనే వెడల్పాటి వీధిలో పడతారు, మధ్యలో వంతెన లేదు. కూరగాయలు, మందుల షాపు, సూపర్ మార్కెట్, కాఫీ అన్నీ ఆ వీధిలోనే. ఇంకో సౌకర్యం, పక్కనే ఉన్న శాంతా సొఫియా దగ్గర త్రగెత్తో ఉంటుంది, అంటే గ్రాండ్ కెనాల్‌ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే గొండోలా. మనిషికి 2 యూరోలు. అవతల దిగితే రియాల్తో కూరగాయల మార్కెట్. రియాల్తో వంతెన మెట్లు ఎక్కకుండానే పొద్దున్నే అమ్మగారిని మార్కెట్‌కి తీసుకెళ్లొచ్చు, గొండోలా ఎక్కిన సరదా కూడా తీరుతుంది. మామూలు గొండోలా పగటి పూట అరగంటకి 90 యూరోలు. అయితే గొండోలాలోకి కిందికి అడుగు వేయాలి, అది కాస్త ఊగుతుంది, గొండోలా నడిపేవాళ్లు చెయ్యి అందిస్తారు గానీ ఆవిడకి భయంగా ఉంటే బలవంతపెట్టకండి. చేపల అంగళ్లు పక్కనే ఉంటాయి, వాసన పడనివాళ్లు కూరగాయల వైపే ఉండిపోవచ్చు. ఆదివారం మార్కెట్ ఉండదు.

రెండోది కా రెజ్జోనికో స్టాప్. అక్కణ్నుంచి శాన్ బర్నబా అనే చిన్న చౌక్‌కి వంతెన లేకుండా వెళ్లిపోవచ్చు. ప్రశాంతంగా ఉంటుంది. దానికి దగ్గర్లోనే శాంతా మార్గెరీతా అనే పెద్ద చౌక్ ఉంది, అక్కడికి మాత్రం వంతెన దాటాలి, విద్యార్థులు రాత్రి ఆలస్యం దాకా కూర్చునే చోటది, కిటికీ దాని వైపు ఉన్న గది మీకు వద్దు. మూడోది స్టేషన్ బయట ఎడమవైపు వెళ్లే లిస్తా ది స్పాన్యా వీధి. శాన్ జెరెమియా చౌక్ దాకా వంతెనే ఉండదు, మ్యూనిక్ నుంచి నేరుగా వచ్చే రైలు శాంతా లూచియాకే వస్తుంది కాబట్టి దిగి పెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోవచ్చు. సౌకర్యానికి దీన్ని మించింది లేదు, కానీ సావనీర్ షాపుల హడావిడి ఎక్కువ, పాత వెనిస్‌లో ఉన్నామన్న భావన తక్కువ. శాన్ మార్కో చౌక్ చుట్టుపక్కల నేను మామూలుగా పంపను. ధర ఎక్కువ, పగలంతా రద్దీ, పైగా ఊళ్లో అన్నిటికంటే పల్లపు ప్రాంతం అది.

గుమ్మం దాటాక మెట్లు. ఈ హోటళ్లు చాలావరకు ఒకప్పటి వ్యాపారుల ఇళ్లు, వందల ఏళ్ల నాటివి. 1951లో ఈ పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవాళ్లు, 2022 నాటికి అది 50,000 కంటే తగ్గింది. మనుషులు వెళ్లిపోయిన ఇళ్లు చాలా బసలుగా మారాయి. రక్షిత భవనాలు కాబట్టి గోడలు పగలగొట్టి లిఫ్ట్ పెట్టడం అన్నిచోట్లా కుదరదు. ఒకే హోటల్లో ఒక గది ఎత్తైన దూలాల పైకప్పుతో, పాత మొజాయిక్ నేలతో అద్భుతంగా ఉంటుంది, దాని పక్క గది సూట్‌కేస్ తెరిచే చోటు కూడా లేకుండా ఉంటుంది, రెండిటికీ వెబ్‌సైట్‌లో ఒకే ఫొటో. అందుకే "లిఫ్ట్ ఉందా" అని కాదు, "మేం బుక్ చేసే గదికి లిఫ్ట్ వెళ్తుందా, లిఫ్ట్‌కి ముందు మెట్లున్నాయా" అని అడగండి. రిసెప్షన్ మొదటి అంతస్తులో ఉండి, లిఫ్ట్ అక్కణ్నుంచి మొదలయ్యే హోటళ్లు నేను చూశాను.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. గది వివరాల్లో దిపెందెంజా లేదా అనెక్స్ అన్న మాట ఉందేమో చూడండి. అంటే మీ గది అసలు హోటల్లో కాదు, పక్క సందులో వేరే ఇంట్లో. వరంగల్ నుంచి వచ్చిన దంపతులకు ఒక హోటల్ వాళ్లు ఇలాగే ఇచ్చారు. ఫొటోలో కనిపించిన లిఫ్ట్, రిసెప్షన్ ఒక భవనంలో, వాళ్లకిచ్చిన గది ఇంకో భవనంలో మూడో అంతస్తులో, మెట్లు నిటారుగా, పట్టుకోవడానికి ఒక తాడు. పొద్దున టిఫిన్‌కి వంతెన దాటి అసలు హోటల్‌కి రావాలి. నేను ఫోన్ చేసి మాట్లాడితే రెండో రోజు గది మార్చారు, కానీ మొదటి రాత్రి ఆ పెద్దాయన పడ్డ అవస్థ తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ చిన్న అక్షరాల మాట ముందే చూసి ఉంటే ఆ ఇబ్బంది తప్పేది.

మెట్లు వద్దని మరీ గ్రౌండ్ ఫ్లోర్ గది అడగకండి. అక్టోబర్ నుంచి శీతాకాలం అంతా ఆక్వా ఆల్తా, అంటే ఆటుపోట్లకు నీళ్లు ఊళ్లోకి రావడం ఉంటుంది. 2019 నవంబర్ 12న నీటి మట్టం 187 సెంటీమీటర్లకు వెళ్లి ఎంతో నష్టం చేసింది. 2020 అక్టోబర్ 3న మొదటిసారి మోసే అనే గేట్లు లేపి సముద్రాన్ని ఆపారు, అప్పటి నుంచి పెద్ద వరద భయం చాలా తగ్గింది, కాబట్టి టెన్షన్ పడి ట్రిప్ మార్చుకోవాల్సిన పనిలేదు. కానీ గేట్లు సాధారణంగా 110 సెంటీమీటర్ల అంచనా ఉన్నప్పుడు లేపుతారు, అంతకంటే తక్కువ మట్టానికే శాన్ మార్కో చౌక్‌లో పాదాలు తడుస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్ గదుల్లో గోడలకు తేమ, ఉప్పు వాసన మామూలే, ఉబ్బసం ఉన్నవాళ్లకి అస్సలు మంచిది కాదు. మీకు కావాల్సింది మొదటి అంతస్తు, లిఫ్ట్ లేకపోయినా ఒక వరుస మెట్లతో సరిపోయేది.

అక్టోబర్ మధ్యలో వెళ్తున్నారు కాబట్టి ఒక చిన్న జాగ్రత్త. ఇక్కడ గదులు వెచ్చబెట్టే సీజన్ చట్టప్రకారం అక్టోబర్ 15 నుంచి మొదలవుతుంది. చాలా పాత హోటళ్లలో చలువా వేడీ ఒకే వ్యవస్థ, భవనం మొత్తానికి ఒకసారి మారుస్తారు, గదిలో రిమోట్ నొక్కితే మారదు. ఆ వారంలో చలేస్తే అదనపు దుప్పట్లు అడగాల్సి రావచ్చు, నాన్నగారికి ఒక స్వెటర్ ఎక్కువ పెట్టండి.

కెనాల్ వ్యూ గురించి ఒక మాట. గ్రాండ్ కెనాల్ వైపు గది చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆరింటి నుంచే సరుకుల పడవలు, చెత్త పడవలు, వాపొరెత్తోలు తిరుగుతాయి. నిద్ర తేలికగా చెడే పెద్దవాళ్లకి లోపలి పెరడు వైపో చిన్న కాలువ వైపో ఉన్న గదే నయం. ఆ డబ్బు మిగిల్చి, 1వ నంబరు పడవలో చీకటి పడ్డాక స్టేషన్ నుంచి శాన్ మార్కో దాకా ఒకసారి ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లండి, సుమారు నలభై నిమిషాలు. ఏ కిటికీ లోంచీ అంత కనిపించదు.

తిండి. ఇక్కడ చాలా తెలుగు కుటుంబాలు ఇబ్బంది పడతాయి. ఇటలీలో హోటల్ బ్రేక్‌ఫాస్ట్ అంటే తీపి బ్రెడ్లు, జామ్, పెరుగు, పళ్లు, చీజ్, హామ్, కాఫీ. వేడిగా తినడానికి పెద్దగా ఉండదు. గదిలో కెటిల్ చాలాచోట్ల ఉండదు, అడిగితే రిసెప్షన్ వాళ్లు వేడినీళ్లు ఇస్తారు. గట్టి శాకాహారులైతే ఇంకోటి తెలుసుకోవాలి: పర్మిజానో, గ్రానా పదానో చీజ్‌ల తయారీలో దూడ పొట్ట నుంచి తీసే పదార్థం వాడతారు, వాటిని చల్లకుండా ఇవ్వమని చెప్పాలి.

రైస్ కుక్కర్ మాత్రం దయచేసి పాత ఇంటి హోటల్ గదికి తీసుకెళ్లొద్దు. చెక్క దూలాల భవనాలు, పాత వైరింగ్, చాలాచోట్ల గదిలో వంట నిషేధం అని రాసే ఉంటుంది. ఒక ఇంట్లో కుక్కర్ పెట్టేసరికి ఆ అంతస్తు మొత్తం కరెంట్ పోయింది. రోజూ అన్నం తినకపోతే అమ్మగారికి పడదంటే హోటల్ మానేసి చిన్న వంటిల్లు ఉన్న గది ఇచ్చే లైసెన్స్ ఉన్న బస చూడండి. అలాంటి బసల ప్రకటనలో సీఐఎన్ అనే జాతీయ నమోదు కోడ్ ఉండాలి, లేకపోతే వదిలేయండి. మూడు రాత్రులే కాబట్టి నా సలహా, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పోహా ప్యాకెట్లు, పొడులు, మూత గట్టిగా ఉన్న సీసాలో ఆవకాయ తెచ్చుకుని, సూపర్ మార్కెట్లో పెరుగు కొనుక్కోండి. బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి కావాలంటే మెస్త్రేలో బంగ్లాదేశీ వాళ్ల షాపులు చాలా ఉన్నాయి, ఆ విషయంలో మెస్త్రేకే మార్కులు.

డబ్బు లెక్కల్లో మర్చిపోయేవి కొన్ని. గది ధర కాకుండా టూరిస్ట్ ట్యాక్స్ మనిషికి రాత్రికి ఇంత అని హోటల్లోనే విడిగా కట్టాలి. వాపొరెత్తో ఒక్క టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు, కాబట్టి విడి టికెట్లు కొనకండి, 72 గంటల పాస్ 45 యూరోలు, మధ్యాహ్నం గదికి వచ్చి వెళ్లాలంటే అదే దారి. మూడు కొలతలు కలిపి 150 సెంటీమీటర్ల లోపు పెట్టె ఒకటి టికెట్‌తోనే వస్తుంది, ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసులు మ్యూనిక్‌లో వదిలేసి చిన్నవి తెచ్చుకోండి. 2024 ఏప్రిల్ 25 నుంచి పెట్టిన ప్రవేశ రుసుము వసంతం నుంచి వేసవి మధ్య దాకా కొన్ని రోజులకే, అదీ పగటి పూట వచ్చిపోయేవాళ్లకే. రాత్రి బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో వెళ్తే వెబ్‌సైట్‌లో మినహాయింపు నమోదు చేసుకోవాలి. మీ అక్టోబర్ ట్రిప్‌కి ఆ గొడవ ఉండకూడదు.

అమ్మానాన్నల షెంజెన్ వీసా ఇంకా రాలేదంటున్నారు కదా, వీసా చేతికొచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకోగల బుకింగే చేయండి, చిన్న హోటళ్లు "నాన్ రిఫండబుల్" ధర తక్కువ చూపించి ఆశపెడతాయి. రైల్లో వస్తున్నా ముగ్గురి పాస్‌పోర్టులూ వెంట ఉండాలి, ప్రతి అతిథి వివరాలూ పోలీసులకు పంపడం ఇక్కడి హోటళ్ల చట్టబద్ధమైన బాధ్యత, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.

ఇంత చెప్పినా ద్వీపం లోపల వద్దనే సందర్భాలున్నాయి. ఒక్క రాత్రే అయితే, చక్రాల కుర్చీ తప్పనిసరి అయితే, అమ్మగారు ఒక వరుస మెట్లు కూడా ఎక్కలేనంటే వేరే దారి చూడాలి. అప్పుడు కూడా నేను మెస్త్రే కంటే ముందు లీదో చెప్తాను. అది సముద్రం వైపున్న పొడవాటి ద్వీపం, మామూలు రోడ్లు, బస్సులు, టాక్సీలు ఉంటాయి, చదునుగా ఉంటుంది, పాత విల్లాల్లో నడిపే చిన్న హోటళ్లున్నాయి, శాన్ మార్కో దగ్గరికి పడవలో పావుగంట. మధ్యాహ్నం గదికి రావడం అక్కణ్నుంచీ సాధ్యమే.

బుక్ చేసే ముందు హోటల్‌కి ఈమెయిల్ రాయండి, ఫోన్ కాదు, జవాబు రాతలో ఉండాలి. దగ్గరి స్టాప్ ఏది, అక్కణ్నుంచి వంతెనలు ఎన్ని, మా గది అసలు భవనంలోనేనా, ఏ అంతస్తు, మెట్లు ఎన్ని, స్నానానికి టబ్బా నేలబారు షవరా, రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటారా, చివరి రోజు ఖాళీ చేశాక పెట్టెలు ఉంచుకుంటారా. టబ్ ప్రశ్న తప్పకుండా అడగండి, ఎత్తైన టబ్ అంచు దాటడం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి మెట్ల కంటే ప్రమాదం. పేట పేరు, నంబరు మాత్రమే ఉన్న అడ్రస్ చాలదు, ఇక్కడ నంబర్లు వీధి ప్రకారం కాకుండా పేట మొత్తానికి వరసగా వెళ్తాయి, కాస్తెల్లో పేటలో అవి ఆరు వేలు దాటతాయి. స్టాప్ నుంచి గుమ్మం దాకా దారి వివరంగా రాసి పంపమనండి. మంచి హోటల్ వాళ్లు ఈ ప్రశ్నలకి ఒక రోజులో ఓపిగ్గా జవాబిస్తారు. "లొకేషన్ చాలా బాగుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ హోటల్ పక్కన పెట్టేయండి.

మీరు చూస్తున్న రెండు మూడు హోటళ్లకి దగ్గరి స్టాప్, గది రకం ఇక్కడ రాయండి. స్టాప్ నుంచి దారి ఎలా ఉంటుందో, అమ్మగారికి ఏది సులువో చూసి చెప్తాను.